'కంటే'కి ముందు, 'దాన్'కి తర్వాత

మన బళ్ళలో డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ అని ఒక పాఠం ఉంది. ఆ పేరుతో పిల్లలకు నేర్పుతున్నది పోల్చడం కాదు, వాక్యాలు మార్చడం. శ్రీకాకుళం జిల్లా బళ్ళలో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెప్పి, పేపర్లు దిద్ది, ఆలోచించి ఈ మాట అంటున్నాను.

పదో తరగతి పిల్లవాణ్ణి నిద్రలో లేపి అడిగినా 'విశాఖపట్నం ఈజ్ ది బిగ్గెస్ట్ సిటీ ఇన్ ఆంధ్రప్రదేశ్' అన్నదాన్ని 'నో అదర్ సిటీ ఇన్ ఆంధ్రప్రదేశ్ ఈజ్ యాజ్ బిగ్ యాజ్ విశాఖపట్నం' అని మార్చేస్తాడు. 'వన్ ఆఫ్ ది' కనిపించిందా, చెయ్యి దానంతటదే 'వెరీ ఫ్యూ' అని మొదలుపెడుతుంది. మార్కు వస్తుంది. అదే పిల్లవాణ్ణి మీ ఊరినీ పక్క ఊరినీ పోలుస్తూ నాలుగు వాక్యాలు రాయమనండి. మొదటి వాక్యంలోనే తడబడతాడు. ఎందుకంటే దేన్ని దేనితో పోలుస్తున్నావని ఆ పిల్లవాణ్ణి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మన జిల్లాలో రెండు నదులున్నాయి కాబట్టి మా క్లాసులో ఉదాహరణలు ఎక్కువగా వాటి మీదే నడుస్తాయి. నాగావళి, వంశధార రెండూ ఒడిశాలో పుట్టి మన దగ్గర సముద్రంలో కలుస్తాయి. పొడవులో ఇంచుమించు సమానం, రెండూ 250 కిలోమీటర్లు దాటినవే. పరీవాహక ప్రాంతం మాత్రం వంశధారదే పెద్దది. దీన్ని ఇంగ్లీషులో రాయమంటే చాలామంది రాసేది ఇది: 'ది బేసిన్ ఆఫ్ ది వంశధార ఈజ్ లార్జర్ దాన్ ది నాగావళి.' స్పెల్లింగు తప్పు లేదు, లార్జర్ సరిగ్గా ఉంది, దాన్ కూడా ఉంది. మార్పిడి పాఠం అడిగేవన్నీ ఉన్నాయి. కానీ ఈ వాక్యంలో ఒకవైపు ఒక నది తడిపే నేల ఉంది, రెండోవైపు ఏకంగా ఇంకో నదే ఉంది. నేలని నదితో పోల్చేశాం. 'లార్జర్ దాన్ దట్ ఆఫ్ ది నాగావళి' అనాలి. పోల్చేవి ఒకటికి మించి ఉంటే 'దోజ్ ఆఫ్' అనాలి.

ఇక్కడ ఓ పిల్ల అడిగే ప్రశ్న ఉంటుంది, ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు: "మాస్టారూ, అర్థం అయిపోతోంది కదా, మళ్ళీ ఆ దట్ ఆఫ్ దేనికి?" మంచి ప్రశ్న. నదుల వాక్యంలో అర్థం అయిపోతుంది, నిజమే. కానీ 'ది కెమెరా ఆఫ్ దిస్ ఫోన్ కాస్ట్స్ మోర్ దాన్ దట్ ఫోన్' అన్నారనుకోండి. ఈ ఫోన్ కెమెరా ఆ ఫోన్ కెమెరా కంటే ఖరీదైనదా, లేక ఈ ఒక్క కెమెరా ధరతో ఆ ఫోనే మొత్తం కొనేయొచ్చా? రెండూ జరిగేవే. వాక్యం మాత్రం రెండోదే చెబుతోంది. చదివేవాడు మన మనసులోది ఊహించుకుంటాడన్న ధీమాతో రాస్తే, వాడు ఊహించుకోలేని చోట మనం దొరికిపోతాం.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరే ఉంది. ఈ తేడా మన పిల్లలకు తెలియనిది కాదు. పలాసలో జీడిపప్పు కొనే ఏ ఇల్లాలైనా 'ఈ కొట్టులో పప్పు ఆ కొట్టులోదానికన్నా లావుగుంది' అంటుంది. 'ఆ కొట్టు కన్నా లావుగుంది' అనదు. 'మా తోట కొబ్బరికాయలు మీ తోటవాటికన్నా పెద్దవి' అని ఉద్దానంలో చిన్నపిల్లలు కూడా అంటారు. ఆ 'దానికన్నా'లో ఉన్న 'దాని', 'తోటవాటికన్నా'లో ఉన్న 'వాటి' చేస్తున్న పనే ఇంగ్లీషులో దట్ ఆఫ్, దోజ్ ఆఫ్ చేస్తాయి. ఏకవచనం బహువచనం లెక్కతో సహా పిల్లలకి నోట్లో ఉంది. వాళ్ళు బడికి వచ్చేటప్పుడు దాన్ని గేటు బయట వదిలేసి రమ్మంటున్నాం, తర్వాత ఇంగ్లీషు రావట్లేదని తిడుతున్నాం.

రాతలో మన తెలుగు కూడా కొంచెం బద్ధకిస్తుందని ఒప్పుకోవాలి. 'వంశధార పరీవాహక ప్రాంతం నాగావళి కంటే పెద్దది' అని పేపర్లో వస్తే మనకేమీ అనిపించదు. కాబట్టి క్లాసులో నేను మొదట తెలుగు వాక్యాన్నే సరిచేయిస్తాను. 'నాగావళి కంటేనా, నాగావళి దాని కంటేనా?' తెలుగులో ఆ ఒక్క మాట పడిన తర్వాత ఇంగ్లీషులో దట్ ఆఫ్ ఎక్కడ పెట్టాలో ఎవరూ అడగరు.

ఈ పని చెయ్యకుండా, డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలకో స్టాఫ్ సెలెక్షన్ పరీక్షలకో కోచింగ్‌లో చేరినప్పుడు 'స్పాటింగ్ ఎర్రర్స్' పేరుతో దట్ ఆఫ్‌ని ఒక చిట్కాలా అందిస్తున్నారు. పోలిక కనిపిస్తే దట్ ఆఫ్ పెట్టెయ్, మార్కు నీదే. ఆ చిట్కా పట్టుకున్న కుర్రాళ్ళు 'హీ ఈజ్ టాలర్ దాన్ దట్ ఆఫ్ హిజ్ బ్రదర్' అని రాస్తున్నారు. మనిషిని మనిషితో పోల్చేటప్పుడు మధ్యలో దట్ ఎవరు? అడిగితే టెన్షన్ పడతారు తప్ప చెప్పలేరు. పట్టుదలతో చదివే పిల్లలే వీళ్ళు. ఆలోచన నేర్పాల్సిన వయసులో మనం ఆనవాళ్ళు నేర్పాం.

'కంటే' గురించి ఇంకో విశేషం చెప్పాలి. అది ఊరికే పేరుకి అతుక్కోదు, విభక్తి మీద కూడా ఎక్కి కూర్చుంటుంది. 'బస్సులో కంటే రైల్లో హాయి.' 'శ్రీకాకుళంలో కంటే పాడేరులో చలి ఎక్కువ.' 'అన్నకి కన్నా తమ్ముడికి ఎక్కువ పెట్టింది.' ఇప్పుడు వీటిని ఇంగ్లీషులో చూడండి. 'ఇట్ ఈజ్ కోల్డర్ ఇన్ పాడేరు దాన్ ఇన్ శ్రీకాకుళం.' 'షీ గేవ్ మోర్ టు ది యంగర్ బ్రదర్ దాన్ టు ది ఎల్డర్.' తెలుగులో 'కంటే'కి ముందు 'లో' ఉంటే ఇంగ్లీషులో 'దాన్' తర్వాత 'ఇన్' వస్తుంది. 'కి' ఉంటే 'టు'. నాకు తెలిసినంతలో మన పిల్లలకి ఇంతకంటే నమ్మకమైన దారి ఇంకోటి లేదు. ఏ గైడులోనూ ఈ మాట నాకు కనిపించలేదు, ఎందుకంటే ఆ గైడుల్లో ఇంగ్లీషుని ఇంగ్లీషుతోనే వివరిస్తారు.

ముందూ తర్వాతా అన్న ఈ తిరగబాటు వట్టి యాదృచ్ఛికం కాదు. జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే భాషాశాస్త్రవేత్త 1963లో 30 భాషలు పరిశీలించి కొన్ని సామాన్య సూత్రాలు చెప్పాడు. అందులో ఒకటి పోలిక గురించే. దేనితో పోలుస్తున్నామో అది ముందు, పోలిక చెప్పే మాట దాని వెనక, గుణం చివర వచ్చే భాషల్లో విభక్తులు కూడా పేరు వెనకే చేరతాయంటాడు. ఆ ముప్పైలో మన కుటుంబం నుంచి కన్నడం ఉంది. తెలుగూ అదే దారి. 'మొండివాడు రాజు కన్నా బలవంతుడు': రాజు, కన్నా, బలవంతుడు. ఇంగ్లీషులో స్ట్రాంగర్, దాన్, కింగ్. పూర్తిగా తలకిందులు. పైగా మన సామెతలో 'బలవంతుడు' ఏమీ మారలేదు. పోలిక భారం అంతా 'కన్నా' మోస్తోంది. ఇంగ్లీషులో ఆ భారాన్ని ఇద్దరు పంచుకుంటారు, గుణవాచకం చివర ఒక 'అర్', తర్వాత 'దాన్'. అందుకే 'రవి ఈజ్ టాల్ దాన్ గోపి' అని రాసిన పిల్ల తెలివితక్కువది కాదు. తన భాష నియమాన్ని నిజాయితీగా పాటించింది. 'మోర్ టాలర్' అన్న పిల్లవాడు ఆ లోటు పూడ్చబోయి రెండుసార్లు పూడ్చాడు. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలూ ఇలాగే రాస్తారు. వాళ్ళ భాషలో 'మో ఠారు బడ' అంటే నాకంటే పెద్ద. అక్కడ కూడా గుణవాచకం మారదు. ఈ కారణం చెప్పి సరిదిద్దితే పిల్లల మొహంలో భయం పోతుంది. కారణం చెప్పకుండా ఎర్ర సిరాతో కొట్టేస్తే అది వాళ్ళకి తెలుగు వల్ల వచ్చిన అవమానంగా మిగులుతుంది.

చిన్న మాటలకి 'అర్', పెద్ద మాటలకి 'మోర్', గుడ్‌కి బెటర్, బ్యాడ్‌కి వర్స్ లాంటివి చదివితే వచ్చేస్తాయి. పట్టికలు ప్రతి పుస్తకంలోనూ ఉన్నాయి.

'అందరికంటే' దగ్గర మాత్రం ఆగాలి. 'మా రవి క్లాసులో అందరికంటే పొడుగు' అంటాం. అందరిలో రవి కూడా ఉన్నాడు కదా, రవి రవి కంటే పొడుగా అని తెలుగులో ఎవరూ నిలదీయరు. ఇంగ్లీషు నిలదీస్తుంది. 'రవి ఈజ్ టాలర్ దాన్ ఎనీ బాయ్ ఇన్ ది క్లాస్' అంటే రవి ఆ క్లాసువాడు కాదనే అర్థం వస్తుంది. 'ఎనీ అదర్ బాయ్' అనాలి. మార్పిడి పాఠంలో ఈ 'ఎనీ అదర్' బట్టీ కొట్టిస్తారు, కానీ ఆ 'అదర్' ఎందుకుందో చెప్పరు. ఎందుకో తెలిస్తే దాన్ని ఎప్పుడు తీసెయ్యాలో కూడా తెలుస్తుంది. 'విశాఖపట్నం శ్రీకాకుళం జిల్లాలోని ఏ ఊరి కంటే అయినా పెద్దది' అనేటప్పుడు 'అదర్' పెట్టకూడదు, విశాఖ ఆ జిల్లాలో లేదు కాబట్టి. 'ఎనీ టౌన్ ఇన్ శ్రీకాకుళం డిస్ట్రిక్ట్' చాలు. బట్టీ కొట్టినవాళ్ళు ఇక్కడ కూడా 'అదర్' పెట్టి, విశాఖని మన జిల్లాలో కలిపేస్తారు.

తెలుగు మనకి సాయం చెయ్యని చోటు కూడా ఉంది, అదీ దాచకూడదు. 'అమ్మ తమ్ముణ్ణి నాకంటే ఎక్కువ ప్రేమిస్తుంది.' అమ్మ నన్ను ప్రేమించేదాని కంటేనా, నేను తమ్ముణ్ణి ప్రేమించేదాని కంటేనా? మన వాక్యం తేల్చదు. ఇంగ్లీషులో 'దాన్ ఐ', 'దాన్ మీ' అనే రెండు రూపాలతో తేల్చాలని 1762లో వ్యాకరణం అచ్చువేసిన రాబర్ట్ లౌత్ చెప్పాడు. తర్వాత లోపించిన క్రియ ఏదో చూసి దాన్ని బట్టి రూపం ఎంచుకోవాలన్నాడు. ఆ కాలంలోనే, ఆక్సిజన్ మీద చేసిన పనితో పేరు పొందిన జోసెఫ్ ప్రీస్ట్లీ 'దాన్ మీ' అనడంలో తప్పులేదన్న వైపు మొగ్గాడు. రెండున్నర శతాబ్దాలుగా తగువు తేలలేదు. మన పిల్లలు ఆ తగువులో దిగక్కర్లేదు. క్రియ రాసెయ్యమంటాను: 'దాన్ ఐ డూ', 'దాన్ షీ లవ్స్ మీ'. రెండు మాటలు ఎక్కువైతే అయ్యాయి, ఎవరు ఎవర్ని అన్న అనుమానం ఉండదు.

సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్‌ఫీరియర్, ప్రయర్ అన్నవాటికి 'దాన్' రాదు, 'టు' వస్తుంది. ఇవి లాటిన్ నుంచి పోలిక రూపంతోనే వచ్చాయి. చివరి 'ఇయర్'లోనే పోలిక ఉంది, అందుకే 'మోర్ సీనియర్ దాన్' అనక్కర్లేదు. ఈ లాటిన్ ముక్కా, ఇంగ్లీషు 'అర్', మనం రోజూ వినే 'స్వర్గాదపి గరీయసీ'లోని 'ఈయసీ' ఒకే పాత మూలం నుంచి వచ్చినవని చెబితే పిల్లలు భలే సంబరపడతారు. 'ఎల్డర్'కి ఇదేమీ కాదు, అది ఇంటి వరసల కోసం మిగిలిపోయిన మాట. మై ఎల్డర్ సిస్టర్ అంటే అక్క. వయసు పోల్చాలంటే 'ఓల్డర్ దాన్ మీ'. 'ఎల్డర్ దాన్ మీ' అని ఊరంతా అంటున్నా సరే, రాయొద్దంటాను.

ఇక అంకెలు. ఇక్కడ పోలిక తప్పితే వ్యాకరణమే కాదు, నిజం కూడా తప్పుతుంది. 2011 జనాభా లెక్కల్లో, పాత సరిహద్దుల ప్రకారం, శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 61.74 శాతం, విజయనగరం జిల్లాది 58.89 శాతం. 'శ్రీకాకుళం అక్షరాస్యత విజయనగరం కంటే 2.85 శాతం ఎక్కువ' అని రాస్తే ఒకే వాక్యంలో రెండు తప్పులు. మొదటిది, అక్షరాస్యతని జిల్లాతో పోల్చడం. రెండోది ఇంకా పెద్దది: 2.85 అన్నది రెండు శాతాల మధ్య తేడా, దాన్ని ఇంగ్లీషులో పర్సెంటేజ్ పాయింట్లు అంటారు. శాతంలో చెప్పాలంటే 58.89 మీద ఎంత పెరిగిందో చూడాలి, అది దాదాపు 4.8. ఈ తేడా తెలియని విద్యార్థి రేపు వడ్డీ రేటు 'రెండు శాతం పెరిగింది' అంటే ఏమిటో సరిగ్గా అర్థం చేసుకోలేడు. 8 నుంచి 10కి పెరగడం వేరు, 8 నుంచి 8.16కి పెరగడం వేరు.

'త్రీ టైమ్స్ మోర్' కూడా ఇలాంటిదే. వంద రూపాయల కూలికి మూడు రెట్లు అంటే మూడు వందలు. మూడు రెట్లు ఎక్కువ అంటే? కొందరు మూడు వందలంటారు, కొందరు వందకి మూడు వందలు కలిపి నాలుగు వందలంటారు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఇదే చిక్కు. 'త్రీ టైమ్స్ యాజ్ మచ్ యాజ్' అని రాస్తే తగువు లేదు. బయట పనికి వెళ్ళేవాళ్ళు ఎక్కువున్న జిల్లా ఇది. ఇంగ్లీషులో కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళకి ఈ తేడా జీతంలో తేలుతుంది.

ఉద్దానం పిల్లలు ప్రాజెక్టు పనికి తమ ప్రాంతపు కిడ్నీ జబ్బు మీద రాస్తుంటారు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు లాంటి మండలాల్లో ఎన్నో ఇళ్ళు ఆ జబ్బుతో నలిగిపోయాయి, కారణం ఇదీ అని తేలనే లేదు. ఆ పిల్లలు 'కిడ్నీ డిసీజ్ ఈజ్ మోర్ కంపేర్డ్ టు అదర్ ఏరియాస్' అని రాస్తారు. 'తో పోలిస్తే' అన్న మన వాడుక అలాగే దిగిపోయిన వాక్యం అది. ఏది మోర్? జబ్బు వచ్చినవాళ్ళ సంఖ్యా, జనాభాలో వాళ్ళ వంతా, చనిపోయినవాళ్ళా? 'మోర్ కామన్ ఇన్ ఉద్దానం దాన్ ఇన్ అదర్ ఏరియాస్' అని రాయడానికి ముందు ఏది ఎక్కువో తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడంలోనే విజ్ఞానం ఉంది. తమ ఊరి బాధని లోకానికి చెప్పాలనుకున్న పిల్లల వాక్యాన్ని ఎవరూ తోసిపుచ్చలేని విధంగా నిలబెట్టడం నా దృష్టిలో ఇంగ్లీషు మాస్టారు చేయగల పెద్ద పని.

దీనికి రెండు అభ్యంతరాలు వింటుంటాను. ఇంగ్లీషువాళ్ళే మాటల్లో ఇవన్నీ పాటించరు కదా అన్నది ఒకటి. నిజమే, మాటల్లో 'దట్ ఆఫ్' ఎగిరిపోతూ ఉంటుంది, పేపర్లలోనూ ఎగిరిపోతుంది. తెలిసి వదిలెయ్యడం వాళ్ళ ఇష్టం. మన పిల్లలు అప్లికేషనులో, రిపోర్టులో, పరీక్షలో వదిలేస్తే అది తెలియనితనం కిందే లెక్క. లోకం న్యాయంగా లేదని పిల్లల్ని నిరాయుధంగా పంపలేం.

రెండోది, ఇంగ్లీషు క్లాసులో తెలుగు వస్తే ఇంగ్లీషు చెడిపోతుందన్నది. దీనికి నేను అస్సలు ఒప్పుకోను. ఒక ప్రైవేటు బడిలో తెలుగులో సందేహం అడిగినందుకు మా బంధువుల పిల్లని నిలబెట్టారు. ఆ పిల్ల ఆ తర్వాత సందేహాలే అడగడం మానేసింది. ఇలాంటి బళ్ళు ఏ నేల మీద ఉన్నాయో గుర్తుచేయాలి. గిడుగు రామమూర్తి 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, వంశధార ఒడ్డున పుట్టారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ అక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు తయారుచేశారు, బళ్ళు పెట్టారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ అనే ఇంగ్లీషువాడు, మీరు మాట్లాడే తెలుగు వేరు, బడిలో నేర్పే తెలుగు వేరు, ఎందుకని అడిగితే ఆ ప్రశ్నని గట్టిగా పట్టుకున్నవాళ్ళలో గిడుగు ఒకరు, విజయనగరంలో గురజాడ అప్పారావు ఇంకొకరు. గిడుగు ఇంగ్లీషుకి శత్రువు కాదు. సవర భాషకి ఇంగ్లీషులోనే వ్యాకరణం రాసి, 1931లో అచ్చులో చూసుకున్నారు. పిల్లవాడికి ఉన్న భాష మీద నిలబడి లేని భాషని అందుకోవాలన్నది ఈ రెండు జిల్లాలవాళ్ళకి ఎవరో వచ్చి చెప్పాల్సిన సంగతి కాదు.

నేను కోరేది పెద్ద సంస్కరణ కూడా కాదు. పరీక్షలో ఇప్పుడున్న మార్పిడి ప్రశ్నల్లో ఒకటి తీసేసి, దాని బదులు రెండు సంఖ్యలతో చిన్న పట్టిక ఇవ్వండి. ఉదాహరణకి అదే 2011 లెక్కల్లో వెయ్యిమంది మగవాళ్ళకి శ్రీకాకుళంలో 1015 మంది, విజయనగరంలో 1019 మంది ఆడవాళ్ళు ఉన్నారు. వీటిని పోలుస్తూ మూడు వాక్యాలు రాయమనండి. జిల్లాని జిల్లాతో ఒకటి, ఆడవాళ్ళ సంఖ్యని మగవాళ్ళ సంఖ్యతో ఒకటి, మూడోది పిల్లల ఇష్టం. దిద్దేవాళ్ళకి 'అర్' పెట్టారా, 'దాన్' పెట్టారా అన్నదానికి సగం మార్కే, 'దాన్' తర్వాత సరైనది పెట్టారా అన్నదానికి మిగతా సగం ఇమ్మని చెప్పండి. చిత్తు పనికి వదిలే ఖాళీలో ముందు తెలుగులో రాసుకోవచ్చని ప్రశ్నపత్రం మీదే అచ్చు వెయ్యండి.